సముద్రాన్ని తిన్న పావురాలు

పొద్దున లేవగానే హెర్లిండా చేసే మొదటి పని రొట్టె కొనడం. గెరేరో పేట మూల మీద రొట్టెల కొట్టు తలుపు తీసీ తీయకముందే వెళ్ళి నిలబడేది. అందరూ పొయ్యిలోంచి అప్పుడే దిగిన బొలియో రొట్టెలు అడిగితే, ఆ పిల్ల మాత్రం నిన్న మిగిలిపోయినవి అడిగేది.

"ఊరంతా వేడివి కావాలంటారు, నీకొక్కదానికే చద్దివి కావాలి. రేపు మొగుడొస్తే వాడికీ చద్దివే పెడతావా?" అనేవాడు కొట్టువాడు.

"ముందు మొగుణ్ణి రానీ. వాడు వేడిగా వస్తాడో చద్దిగా వస్తాడో చూసి పెడతాలే," అనేది హెర్లిండా, రొట్టెలు పమిట లాంటి ఆ నల్ల రెబోసో కొంగులో మూటగట్టుకుంటూ.

చద్దివి ఎందుకంటే కొత్త రొట్టె లోపల జిగురుంటుంది, కాగితానికి అంటుకుని మరక చేస్తుంది. ఒక రాత్రి నిద్రపోయిన రొట్టె అయితే లోపలి మెత్తన పొడిపొడిగా, పసిపిల్ల అరచెయ్యిలా ఉంటుంది. దాన్ని వేళ్ళతో ఉండచేసి పెన్సిలు గీత మీద నెమ్మదిగా దొర్లిస్తే, గీత తనంతట తానే లేచి వచ్చేస్తుంది. రొట్టె పెంకు హెర్లిండా నమిలేది. మెత్తన బొమ్మలకి. రాలిన పొడి డాబా మీది పావురాలకి. ఒక్క రొట్టెతో మూడు ఆకళ్ళు తీరేవి.

మెహికో నగరంలో ఆ రోజుల్లో వారం వారం వచ్చే బొమ్మల కథలంటే జనం పడి చచ్చేవారు. ట్రాములో, మంగలి కొట్టులో, సంత అరుగు మీద, ఎక్కడ చూసినా ఆ గోధుమరంగు పుస్తకాలే. అన్నింటిలోకీ "రోసాల్బా" ముందుండేది. నీళ్ళు లేని ఎత్తు ప్రాంతంలో, ముళ్ళ కలబంద పొలాల మధ్య పుట్టిన పిల్ల రోసాల్బా. చనిపోతూ వాళ్ళమ్మ "సముద్రమని ఒకటుందంట, నేను చూడలేదు, నువ్వు చూడు" అంటే, చెప్పులైనా లేకుండా సముద్రం వెతుక్కుంటూ బయలుదేరింది. తొమ్మిదేళ్ళుగా నడుస్తూనే ఉంది. దొంగలు పట్టుకున్నారు, దొంగ జమీందారు పెళ్ళాడబోయాడు, రైలు పట్టాలు తప్పింది, మఠంలో తలుపులు వేసేశారు. సముద్రం మాత్రం రాలేదు.

ఆ రోసాల్బాని గీసేది దోన్ ఎవరిస్తో. అందరూ మాస్టారు అనేవారు. ఆయన దళసరి అట్టల మీద పెన్సిలుతో గీస్తే, ఫిడెన్సియో అనే కుర్రవాడు ఆ గీతల మీద కుంచెతో సిరా పట్టించేవాడు. సిరా ఆరాక, దాని కింద మిగిలిపోయిన పెన్సిలు గీతలన్నీ చెరిపేసి పేజీని శుభ్రంగా అచ్చుకి అందించడం హెర్లిండా పని. అంతే ఆ కార్ఖానా. ఒక పాత మేడ పై అంతస్తులో ఒక గది, మూడు బల్లలు, పడమటి కిటికీ. గది పక్కనే మెట్లెక్కితే డాబా.

హెర్లిండా పనిలో చేరిన రోజున మాస్టారు ఒక సిగరెట్టు పెట్టె బోర్లించి రబ్బర్లన్నీ బల్లమీద పోశారు.

"ఈ గులాబీ రంగుది చూడు, ఇది బడిపిల్లలది. మొండిఘటం. చెరుపుతున్నానని చెప్పి మరక పులిమి పోతుంది. ఈ ఎరుపూ నీలం కలిసినదుంది చూశావా, దీని నీలం కొస జోలికి పోకు. లోపల ఇసకుంటుంది. సిరా పోగొడుతుందని అమ్ముతారు గానీ అది చెరపదమ్మా, కాగితం తోలు ఒలుస్తుంది. ఒలిచిన చోట మళ్ళీ సిరా పెట్టామా, ఈకలు ఈకలుగా పాకిపోతుంది."

"మరి ఈ బూడిదరంగు ముద్ద?"

"అది రొట్టెపిండి లాంటిది. పిసుక్కుని అద్దితే చాలు, గీతని మింగి గుటుక్కున ఊరుకుంటుంది. పొడి రాలదు. మంచిదే. కానీ..." ఆయన కిటికీ వైపు చూశారు. డాబా పిట్టగోడ మీద పావురాలు వరసగా కూచుని లోపలికే చూస్తున్నాయి. "అది వాడిన రోజున వాళ్ళకి పస్తు."

"మరి ఏది వాడను?"

"ముందు రొట్టె. తర్వాత ఇది." మెత్తగా, పసుపుపచ్చగా ఉన్న ఒక బిళ్ళని ఆమె అరచేతిలో పెట్టారు. ఆ ఊళ్ళో దాన్ని రొట్టెరబ్బరు అనే అంటారు. "గీత కాగితం పైన పడుకుని ఉండదే పిల్లా. కాగితానికి సన్నని నూగుంటుంది, పీచ్ పండు తొక్కకి ఉన్నట్టు. ఆ నూగులో చిక్కుకుని ఉంటుంది. లాగితే రాదు, బతిమాలాలి. ఇలా మెత్తనిది దగ్గరికెళితే నమ్మి అంటుకుంటుంది. దాన్ని చుట్టుకుని ఇదీ రాలిపోతుంది. చెరపడమంటే అంతే. ఒకదాన్ని తీసుకెళ్ళడానికి ఇంకొకటి కాస్త అరగాలి."

హెర్లిండా ఆ మాట ఆ రాత్రంతా నెమరేసుకుంది. ప్రేమించడం గురించి చెప్పారేమో అనుకుంది.

"ఇంకొక్కటి," అన్నారు మాస్టారు. "ఏదైనా సరే, అడిగి చెరుపు. గీసినవాడు గీస్తాడు, మళ్ళీ గీస్తాడు. చెరిపినదాన్ని మాత్రం వెనక్కి పిలవలేం."

వెనక్కి పిలవలేమన్నది పూర్తిగా నిజం కాదనుకోండి. చెరిపిన పొడిని హెర్లిండా కోడి ఈకతో ఊడ్చి, దోసిట్లోకి తీసుకుని, డాబా మీద చల్లేది. పావురాలు తినేవి. తెల్లారేసరికి ఆ గీతలు వాటి రెక్కల మీద తేలేవి. ఒక దాని రెక్క మీద రోసాల్బా కన్ను, ఇంకో దాని మీద గుర్రం కాలు, మరో దాని తోక మీద మఠం కిటికీ. వారం తిరిగేసరికి మాసిపోయేవి. ఆ మేడ ఆడవాళ్ళంతా డాబా మీది తొట్ల దగ్గర బట్టలు ఉతుక్కుంటూ పుస్తకం రాకముందే కథ చదివేసేవారు. కింద పేటలో ఎవరికీ ఇందులో వింతేం కనిపించేది కాదు. పావురాలు రొట్టె తింటాయి, రొట్టె గీత తింటుంది. మరి ఎక్కడికి పోతుంది?

అందులో దోన్యా త్రినీ అందరికంటే గట్టిది. లావుపాటి మనిషి, మోచేతుల దాకా సబ్బు నురగ. హెర్లిండా మెట్లెక్కి రావడమే ఆలస్యం, మొదలెట్టేది.

"ఏమే, ఆ మీసాల జమీందారు మళ్ళీ తయారయ్యాడేం? పొద్దున్న ఆ కుంటిపావురం రెక్క మీద చూశాను. మీ మాస్టారికి చెప్పు, వాణ్ణి లోయలో తోసెయ్యమని."

"తోసేశారుగా దోన్యా, రెండు నెలల కిందట."

"మరి గట్టిగా తొయ్యమను! ఇదిగో చూడు, నాకు మోకాళ్ళు పోతున్నాయి, చూపు పోతోంది. ఆ పిల్ల సముద్రం చేరేలోపు నేనే చేరేట్టున్నాను పైకి."

ఆ ఏడు వానలు మొదలయ్యాక ప్రెస్సు నుంచి కబురొచ్చింది. కాగితం కరువట, రోసాల్బాని ఈ వారంతో ముగించాలట. శుక్రవారం సాయంత్రం బండి వచ్చేసరికి చివరి పేజీ ఉండాలి. లేకపోతే వాళ్ళే ఎవరిచేతో రెండు ముక్కలు గీయించి, పిల్లని రైలు కింద పడేసి, సమాప్తం అని వేసేస్తారు.

"రైలు కిందా!" అని ఫిడెన్సియో కుంచె విసిరేశాడు. "తొమ్మిదేళ్ళు నడిపించి, రైలు కిందా?"

మాస్టారు పెన్సిలు చెక్కడం మొదలెట్టారు. ఆయన సముద్రం ఒడ్డున అల్వరాదోలో చేపలవాళ్ళింట పుట్టిన మనిషి. చిన్నప్పుడు వచ్చేసి మళ్ళీ తిరిగి వెళ్ళలేదు. ఈ మధ్య ఆయన కుడిచెయ్యి మాట వినడంలేదని హెర్లిండాకి ఒక్కదానికే తెలుసు. ఇదివరకు ఆయన గీత ఒక్క లాగుడులో, కత్తి గాటులా ఉండేది. అది చెరిపినా కాగితంలో సన్నని గాడి మిగిలేది. ఇప్పుడు ఒక్క గీతకి పది గీతలు, అన్నీ వణుకుతూ, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ. సిరా వేసేవాడికి అందులోంచి మంచిదొకటి ఏరుకుంటే చాలు. చెరిపేదానికి పదీ చెరపాలి. హెర్లిండా ఎవరికీ చెప్పలేదు. రొట్టెలు మాత్రం ఇంకో రెండు ఎక్కువ కొనేది.

బుధవారం చీకటిపడేదాకా మాస్టారు ఒక్కరే గదిలో ఉండిపోయారు. గురువారం రాలేదు. ఒంట్లో బాగోలేదని ఇంటావిడ కబురు పంపింది. బయట ఒకటే వాన. సిరా వేయడానికి ఫిడెన్సియోకి పేజీ లేదు, చెరపడానికి హెర్లిండాకీ లేదు.

అలాంటి ఖాళీ రోజుల్లో ఆ కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. మంచి అట్ట ఖరీదు కాబట్టి, గీస్తూ గీస్తూ పాడైనవాటిని కిటికీ కింద దొంతిగా పెట్టేవారు. హెర్లిండా వాటిని శుభ్రంగా చెరిపేస్తే మళ్ళీ వాడుకునేవారు. ఆ రోజు దొంతి పైన ఒక అట్ట ఉంది. దాని మీది గీతల దగ్గరికి ఆమె వంగి చూసింది. సాలెపురుగు నిద్రలో నడిచినట్టు అంత పలచన, అంత వణుకు. అక్కడక్కడ తేలిపోతున్న వెంట్రుకల్లా ఉన్నాయి తప్ప, బొమ్మ ఏమిటో ఆ వాన చీకట్లో ఆనవాలు దొరకలేదు. మాస్టారు గీయబోయి, చెయ్యి రాక, పక్కన పడేశారన్నమాట. ఆయన చెయ్యి ఇలా అయిపోయిందని ఇంకెవరూ చూడకూడదు. ఫిడెన్సియో అసలే చూడకూడదు.

ఆమె అట్టని గబగబా తన బల్లమీదికి తీసుకుంది.

"అదేంటి?" అన్నాడు ఫిడెన్సియో, తల ఎత్తకుండానే. తన మేజోడుకి సిరా మరకంటితే ఆ మరకనే చేపగా దిద్దుకుంటున్నాడు.

"పాడైనది."

"మాస్టార్ని అడిగావా?"

"పడుకున్న మనిషిని లేపి అడగమంటావా? నీకేం పనిలేకపోతే కాఫీ తీసుకురా."

"తెస్తా. దాల్చినచెక్క వేయించనా, నీ కోపం చాలా?"

అతను నవ్వుకుంటూ మెట్లు దిగాడు. హెర్లిండా రొట్టె విరిచింది. ఆ రోజు చెరిపినంత ప్రేమగా ఆమె ఎప్పుడూ చెరపలేదు. గాయానికి మందు రాసినట్టు, ఒక్కో గీత మీదా చెయ్యి ఆనించీ ఆనించకుండా, ఆ మూలనుంచి ఈ మూలకి, వంపు వంపునా తిరిగింది. గీతలు అంత పలచన కాబట్టి అడ్డం తిరక్కుండా వచ్చేశాయి. గాడి కూడా మిగల్లేదు. వాన కాస్త తెరిపిచ్చినప్పుడు పొడి తీసుకెళ్ళి డాబా మీద చల్లింది. పావురాలు ఎన్నడూ లేనిది పిట్టగోడ దిగి వచ్చి, ఒకదాన్నొకటి తోసుకోకుండా, ప్రసాదం తిన్నట్టు తిన్నాయి.

మర్నాడు పొద్దున రొట్టెలతో మేడ ఎక్కుతుంటేనే పైనుంచి దోన్యా త్రినీ కేకలు వినిపించాయి.

"చేరింది! చేరిందే! ఓ వదినా, రావే, పిల్లా జెల్లా అందరూ రండి, రోసాల్బా చేరింది!"

హెర్లిండా పరుగున డాబా ఎక్కింది. వాన వెలిసి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. దూరాన ఊరికి తూర్పునుండే మంచుకొండలు రెండూ కనబడుతున్నాయి. ఆడవాళ్ళు తడిచేతులతో నిలబడిపోయారు. పిట్టగోడ పొడుగునా పావురాలు. ఒక్కోదాని రెక్క మీద ఒక్కో వంపు గీత. అంతకంటే ఏం లేదు. దోన్యా త్రినీ ఉండబట్టలేక ఒక తడిగుడ్డ విదిలించింది.

పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

అప్పుడు గాలిలో సముద్రం పరుచుకుంది. రెక్క రెక్కకీ గీత కలిసింది. అల వెనక అల, దాని వెనక ఇంకో అల, అన్నీ కదులుతున్నాయి. వంగి తిరిగే చోట నురగ విరుగుతోంది. గుంపు ఎడమవైపుకి తిరిగినప్పుడు అలల అంచున ఒక చిన్న మనిషి కనబడింది. వీపు ఇటు, జడ విడిపోయి, చెప్పుల్లేని కాళ్ళు. దూరంగా నీటిమీద ఇంకా సూర్యుడు రాని వెలుగు. గుంపు డాబా చుట్టూ ఒక చుట్టు తిరిగేంతసేపూ ఆడవాళ్ళు తలలెత్తి దానితోపాటే తిరిగారు. సముద్రం ఎప్పుడూ చూడని మనుషులు వాళ్ళు. దోన్యా త్రినీ బుగ్గల మీదుగా నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోబోయి మొహమంతా సబ్బు చేసుకుంది.

"ఇంత పెద్దదా తల్లీ అది," అంది చిన్నపిల్లలా. "ఇంత పెద్దదా."

హెర్లిండా కొంగులోంచి రొట్టెలు జారి కింద పడ్డాయి. సముద్రం ఉన్న పేజీ దేనికీ ఫిడెన్సియో సిరా వేయలేదు. వేయని పేజీని తను చెరపకూడదు.

ఆమె కిందికి వచ్చేసరికి మాస్టారు గుమ్మంలో ఉన్నారు. గడ్డం గీసుకుని, ఆదివారం కోటు వేసుకుని వచ్చారు. కుడిచెయ్యి మెడకి కట్టిన రుమాల్లో పిట్టలా వణుకుతోంది. మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"ఏమర్రా, చూశారా నా సముద్రాన్ని? బుధవారం అది గీయడం అయ్యేసరికి కళ్ళు తిరిగి ఎక్కడ పెట్టానో నాకే తెలీదు. కిటికీ దగ్గరనుకుంటా. ఆ బొమ్మయ్యాక చెయ్యి ఇంక సెలవంది. పెన్సిలు నిలవట్లేదురా, జారిపోతోంది. పోతే పోనీ. అది గీశాక ఇంకేం గీయాలి? ఫిడెన్సియో, సిరా వేశావా? నెమ్మదిగా వేశావా?"

ఫిడెన్సియో హెర్లిండా వైపు చూశాడు. ఆమె ముందుకొచ్చింది.

"మాస్టారూ, నేను చెరిపేశాను."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె తెల్లటి అట్ట తెచ్చి చూపించింది. ఆయన ఎడమ అరచేత్తో దాన్ని నెమ్మదిగా నిమిరి, అంచు దగ్గర ఆగిపోయారు.

"బాగా చెరిపావు," అన్నారు. ఆ మాట కంటే చెంపదెబ్బ నయమనిపించింది ఆమెకి.

"పాడైందనుకున్నాను. మీ చెయ్యి అలా ఉందని ఎవరూ చూడకూడదనుకున్నాను. అడగలేదు."

"అడగలేదు," అన్నారాయన. కిటికీ వైపు తిరిగి, "పావురాలు తిన్నాయా?"

"తిన్నాయి."

"ఎలా ఉంది?"

ఆమె డాబా మెట్ల వైపు చెయ్యి చూపించి ఏడ్చింది. ఫిడెన్సియో ఆయన్ని భుజం పట్టి డాబా ఎక్కించాడు. ఆడవాళ్ళు దారిచ్చారు. దోన్యా త్రినీ ఏమీ అడక్కుండా గుడ్డ విదిలించింది. మాస్టారు తొట్టి అంచు పట్టుకుని, తలెత్తి, తన సముద్రం తన నెత్తిమీద తిరగడం చూశారు.

"కదులుతోంది," అన్నారు గుసగుసగా. "ఒరేయ్, కదులుతోందిరా. తొమ్మిదేళ్ళుగా దాన్ని కదిలించాలనే నా తంటా."

ఫిడెన్సియో కాగితం తెచ్చి దింపుకోవాలని చూశాడు. పక్షులు కూచుంటే ఒట్టి వంపులు, లేస్తే అందవు. "నా వల్ల కాదు మాస్టారూ. గీతుంటే దాని మీద తీగమీద నడిచినట్టు నడుస్తాను. గీత లేనిచోట నాకు కాళ్ళు లేవు," అన్నాడు తల వంచుకుని. మాస్టారు ఎడమచేత్తో ప్రయత్నించారు. అది చేప కూడా కాలేదు. మధ్యాహ్నం దాటింది. పడమట మళ్ళీ మబ్బు పట్టింది. బండి వచ్చే వేళ దగ్గరపడుతోంది. రైలు కింద పడబోయే పిల్ల ఒక్కతే ముగ్గురి కళ్ళముందూ ఉంది.

"గాడి!" అంది హెర్లిండా ఉన్నట్టుండి.

చెరిపిన అట్ట మీద మసి పులిమితే గాడులు తేలతాయి. వాళ్ళలో ఎవరికైనా తెలిసిన చిట్కాయే. పెన్సిళ్ళు చెక్కిన డబ్బాలోని మసంతా ఆమె అట్ట మీద ఒలకబోసి, గుడ్డతో ఈ అంచు నుంచి ఆ అంచుకి పులిమింది. ముగ్గురూ వంగి చూశారు. ఒక్క గాడి లేదు. ఆ చేతిలో గాడి పడేంత బలం మిగల్లేదు మరి. అట్ట అంతా ఒకటే నలుపు. తెల్లవారుజామున దీపాలార్పేసిన ఊరులా ఉంది.

ఇంక అది దేనికీ పనికిరాదు. ఉన్న ఒక్క మంచి అట్టనీ బొగ్గు చేసినందుకు సిగ్గుపడి, కనీసం శుభ్రమైనా చేద్దామని, హెర్లిండా నేలరాలిన రొట్టె ఒకటి విరిచి, ఉండచేసి, అట్టకి అడ్డంగా ఒక్కసారి లాగింది.

నలుపు మధ్యన ఒక వెలుగు గీత మిగిలింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఫిడెన్సియో కుర్చీలోంచి లేచాడు.

"అది నీళ్ళూ ఆకాశం కలిసే చోటు," అన్నారు మాస్టారు. "అక్కడే ఉండేది. సరిగ్గా అక్కడే. ఇంకా పో అమ్మాయ్. ఆగకు."

"నాకు గీయడం రాదు మాస్టారూ."

"గీయమన్నదెవరు? చెరుపు."

హెర్లిండా కళ్ళు మూసుకుంది. నిన్న వాన చీకట్లో అంత ప్రేమగా తిరిగిన దారి చేతికి గుర్తుంది. కళ్ళు బొమ్మని చూడలేదు గానీ చెయ్యి ప్రతి వంపునీ తాకింది. ఇక్కడ ఎత్తు, ఇక్కడ పల్లం, ఇక్కడ విరిగి మళ్ళీ లేచింది. కళ్ళు తెరిచి అదే దారిన వెళ్ళింది. రొట్టె వెళ్ళిన చోటల్లా వెలుగొచ్చింది. పెద్ద అలలకి రొట్టె, వాటి అంచులకి రొట్టెరబ్బరు మూల. నురగకి బూడిదరంగు ముద్దని సూదిలా సాగదీసి చుక్క చుక్కగా అద్దింది. చిట్టచివరికి, సూర్యుడు ఇంక లేవబోతున్న ఒక్కచోట, ఇన్నేళ్ళూ ముట్టని ఎరుపూనీలం రబ్బరు తీసి, నీలం కొసతో కాగితం తోలే ఒలిచింది. అక్కడ వెలుగు కాగితం లోపలినుంచి వచ్చినట్టయింది. మాస్టారు "అరెరే" అన్నారు గానీ ఆపలేదు. కిటికీలో పావురాలు వరసగా కూచుని చూస్తున్నాయి. ఒక్కటీ కూయలేదు.

మొత్తం అయ్యాక అలల అంచున ఒక చిన్న నల్లటి చోటు వదిలేసింది. ఫిడెన్సియోకి చెప్పాల్సిన పని లేకపోయింది. సన్న కుంచెతో, ఊపిరి బిగబట్టి, వీపు ఇటు తిప్పుకున్న రోసాల్బాని అక్కడ నిలబెట్టాడు. జడ విడిపోయి, చెప్పుల్లేని కాళ్ళు. కుంచె కడుక్కుంటూ, "ఆ భుజాలు నీవే," అన్నాడు హెర్లిండాతో. "నేను కావాలని పెట్టలేదు. కుంచె పెట్టింది."

కింద బండి హారను మోగింది.

ఆ వారం నగరమంతా గోధుమరంగు సిరాలో తెల్లవారింది. ట్రాములో జనం దిగాల్సిన చోట దిగడం మరిచిపోయారు. మంగళ్ళు కత్తి గాల్లో పట్టుకుని నిలబడిపోయారు. రెండు రోజుల తర్వాత ప్రెస్సు మనిషే మెట్లెక్కి వచ్చి, ఎగశ్వాసతో, కాగితం ఎక్కడినుంచైనా తెస్తాంగానీ ఈ సముద్రం గీసిన చేత్తోనే ఇంకో కథ కావాలన్నాడు. మాస్టారు ఎడమచెయ్యి చాపి హెర్లిండాని చూపించారు. ఆమె వెనక ఎవరున్నారా అని వెనక్కి తిరిగి చూసింది.

డాబా మీద సోమవారం దోన్యా త్రినీ, శుక్రవారం రాలిన రొట్టెపొడి తిన్న ఒక పావురాన్ని చంకలో ఇరికించుకుని రెక్క సాగదీసి చూస్తోంది.

"ఇది మీ మాస్టారి గీత కాదే. ఆయన గీత కోస్తుంది, ఇది నిమురుతోంది. ఎవరిదే?"

హెర్లిండా తల వంచుకుంది. దోన్యా త్రినీ పావురాన్ని వదిలేసి, ఆ తడిచేతులతోనే పిల్ల మొహాన్ని పట్టుకుంది.

"సరే అయితే. ఈసారి కథలో మోకాళ్ళ నొప్పులున్న ముసలిదాన్నొకదాన్ని పెట్టు. చంపకు."

అలా మోకాళ్ళ నొప్పుల ముసలమ్మతోనే కొత్త కథ మొదలైంది. హెర్లిండా మాస్టారి బల్లకి మారింది. మొదటి పేజీకి ఆమెకి వారం పట్టింది. గీసినంతా గీసి, ఫిడెన్సియో సిరా వేసి ఆరబెట్టాక, పేజీని చెరిపే బల్ల మీద పెట్టారు.

ఆ బల్ల ముందు మాస్టారు కూచుని ఉన్నారు. కోటు విప్పి, చేతులు మడిచి, ఎదురుగా నిన్నటి రొట్టె. పెన్సిలు నిలవని ఆ కుడిచేతి వేళ్ళలో మెత్తని రొట్టె ఉండ మాత్రం భద్రంగా నిలిచింది. ఆగకుండా వణికే చెయ్యి. చెరపడానికి అంతకంటే మెత్తని చెయ్యి ఆ ఊళ్ళోనే లేదు. ఆయన దాన్ని పేజీ దగ్గరిదాకా తెచ్చి, ఆనించకుండా ఆగారు. కళ్ళద్దాల పైనుంచి ఆమె వైపు చూశారు.

"అమ్మాయ్," అన్నారు, "ఇది పాడైనదా, మంచిదా? అడిగి చెరుపుదామని."

హెర్లిండా నవ్వింది, ఏడ్చింది. కిటికీలో పావురాలు ఇంకాస్త దగ్గరికి జరిగాయి.

"మంచిదే మాస్టారూ," అంది. "చెరపండి."